నాలుగు డిస్కులకు బొట్టు

"ఈ డిస్కు ఖాళీగా ఉంది, ఫార్మాట్ చేయమంటారా?" అని కంప్యూటర్ అడిగింది. వీడియోలు తీసే మధుసూదన్ తెర మీదికి వంగి మళ్లీ చదివాడు.

ఖాళీ ఎలా అవుతుంది? సిద్దిపేటలో తను తీసిన పెళ్లిళ్లు, ఊరేగింపులు, ధర్నాలు అన్నీ కంప్యూటర్‌కు తగిలించిన నాలుగు డిస్కుల డబ్బాలోనే ఉన్నాయి. అన్నిటికీ మించి మొన్నటి వంటావార్పు ఉంది. తెలంగాణ కోసం జనమంతా రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకు తిన్న ఆ మధ్యాహ్నం, పక్కింటి యాదలక్ష్మి కొడుకు వినయ్ బకెట్ పట్టుకుని బంతి బంతికీ వడ్డించాడు. సరిగ్గా అదే సమయంలో అతను హుస్నాబాద్ దగ్గర బస్సు అద్దం పగలగొట్టాడని పోలీసులు కేసు పెట్టి జైల్లో వేశారు. పిల్లాడికి దసరా కూడా అక్కడే గడిచిపోయింది.

సకల జనుల సమ్మె నడుస్తున్నా ఉద్యమం పిల్లల బెయిళ్ల కోసం వకీళ్లు కోర్టుకు పోతూనే ఉన్నారు. ఈ వీడియో కోసం వకీలు అజహర్ ఇంకాసేపట్లో వస్తాడు.

తన కంప్యూటర్‌కే ఏదో రోగం వచ్చిందనుకుని మధుసూదన్ డబ్బాను తీసుకెళ్లి కూతురు మైత్రి కంప్యూటర్‌కు తగిలించాడు. అదీ అదే ప్రశ్న వేసింది.

"తమ్మీ, దొరికిందా?" గడపలో నిలబడ్డ యాదలక్ష్మి అడిగింది.

"జర ఆగక్కా."

ఒక డిస్కు చచ్చినా మిగతా మూడూ కలిసి అంతా కాపాడతాయని డబ్బా అమ్మినవాడు చెప్పాడు. ఆ మాట మధుసూదన్ బజారంతా గొప్పగా చెప్పుకున్నాడు కూడా. ఇప్పుడు చూస్తే నాలుగూ బతికే ఉన్నాయి, నాలుగూ సుబ్బరంగా తిరుగుతున్నాయి. లోపల మాత్రం ఏమీ లేదంటున్నాయి!

డబ్బా ఆపి, మూత తీసి ఒక డిస్కును బయటికి లాగాడు. దాని మీద గంధం, గంధం మధ్యలో ఎర్రగా కుంకుమ బొట్టు. రెండోది లాగాడు. దానికీ బొట్టే.

"ప్రమీలా!"

వంటింట్లోంచి ప్రమీలాదేవి చేయి తుడుచుకుంటూ వచ్చింది. "గట్ల అరుస్తరేంది?"

"వీటికి బొట్టెవరు పెట్టిన్రు?"

"నేనే. నిన్న దసరా కాదా? కెమెరాకు పెట్టిన, స్కూటర్‌కు పెట్టిన. మనకింత బువ్వ పెట్టేటియి గివి గావా? పై డబ్బకు పెడితే లోపలున్నయి చిన్నబోతయని, తీసి, తుడిచి, బొట్లు పెట్టి, మళ్ల లోపల పెట్టిన."

"ఏది ఏడుండెనో దాన్ని గాడనే పెట్టినవా?"

"నాలుగూ ఒక్కతీరుగనే ఉన్నయి కదా. ఏది ఏడుంటే ఏంది?"

మధుసూదన్ తల పట్టుకున్నాడు. ప్రతి వీడియోనూ ముక్కలు చేసి నాలుగింటికీ వరుసగా పంచిపెట్టే డబ్బా అది. వరుస తప్పితే తను దాచిందే తనకు దొరకదు. మొదటి రెండూ అటు ఇటు మార్చి ఆన్ చేశాడు. ఎర్ర లైటు. చివరి రెండూ మార్చాడు. మళ్లీ ఎర్ర లైటే.

"పోనీ తియ్యి తమ్మీ, ప్రమీలనేం అనకు. మంచి కోరే చేసింది" అంది యాదలక్ష్మి.

ఆ మాటకు ప్రమీలాదేవికి ఏడుపొచ్చినంత పనైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నిన్న డిస్కులు తీసి పెట్టిన తీరు వేళ్ల మీద గుర్తు చేసుకుంది. "ఆగుండ్రి. తీసేటప్పుడు ఎడమ దిక్కు నుంచి తీసి, వరుసగ పళ్లెంల పేర్చిన. పెట్టేటప్పుడు శుభమా అని, పళ్లెంల మొదటిది తీసి డబ్బ కుడి దిక్కు నుంచి మొదలువెట్టిన."

"అంటే మొత్తం తిరగబడ్డదన్నట్టు!"

మధుసూదన్ గబగబా నాలుగూ తీసి, ప్రమీలాదేవి పెట్టిన వరుసను తిరగేసి అమర్చాడు. డబ్బా కాసేపు గుర్రుమంది. పచ్చ లైటు వెలిగింది. ఫైళ్లన్నీ బిలబిలమంటూ తెర మీదికి వచ్చేశాయి.

వంటావార్పు వీడియో తెరిచాడు. వినయ్ నవ్వుతూ పప్పు వడ్డిస్తున్నాడు. మూలన తేదీ, టైము. యాదలక్ష్మి ముందుకొచ్చి తెర మీద కొడుకు చెంప నిమిరింది. "నా కొడుకు!" అంది.

అంతలో అజహర్ రానే వచ్చాడు. వీడియో చూశాడు కానీ ముఖం విప్పారలేదు.

"తారీఖుదేముంది భాయ్, కెమెరాల ఎట్లంటే గట్ల పెట్టుకోవచ్చు అంటరు పోలీసోళ్లు. బంతిల కూసున్నోళ్లు సాక్ష్యం చెప్తరు గనీ, అందరు మనోళ్లే. మనోళ్ల మాట ఎవరు నమ్ముతరు? బయటోడు ఒక్కడన్న కావాలె."

ఇంతసేపు పడ్డ పాటంతా వృథా అయిందని మధుసూదన్ నీరుగారిపోయాడు. ఆపడానికి కూడా చేయి రాలేదు. వీడియో తన మానాన తను నడుస్తోంది. వినయ్ బకెట్ పట్టుకుని బంతి చివరికి చేరాడు.

"ఆపు, ఆపు!" అజహర్ కుర్చీలోంచి లేచాడు. "గీ ఖాకీ ప్యాంటాయన ఎవరు? వినయ్ చెయ్యి పట్టుకోని ఇంకో గరిటె ఏయించుకుంటుండు! గీ మొకం కోర్టుల చూసినట్టున్నది."

"బందోబస్తుకు వచ్చిన హెడ్డు కానిస్టేబులు. మేమే బలవంతంగ కూసోబెట్టినం. ఆకలి ఎవరికైనా ఒక్కటే కదా భాయ్. ఏం, తప్పయిందా?"

అజహర్ పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని యాదలక్ష్మి వైపు తిరిగాడు.

"యాదక్కా, ఇంటికి పోయి పాయసం వండు. హుస్నాబాద్‌ల గదే టైముకు నీ కొడుకు బస్సు అద్దం పలగ్గొడుతుంటే కండ్లార చూసిన అని కేసు కాయితం మీద సంతకం పెట్టింది గీయననే!"