పరస్కేవి బంగారు కళ్ళు

దొంగసొత్తు తిరిగిచ్చేస్తే పాపం పోతుందా? ఏళ్ళుగా నాకీ సందేహం. పంటజీస్ సంగతి విన్నాక అది తీరకపోగా ముదిరింది.

కళ్ళజోడు లేకుండానే బొమ్మని త్రీడీలో లోతుగా చూపించే పలకలు తయారుచేయడం పంటజీస్ పని. బొమ్మ మీద సన్నటి నిలువు గాడులున్న కటకం అతికిస్తాడు. అది ఎడమ కంటికో బొమ్మ, కుడి కంటికో బొమ్మ పంపుతుంది.

మా దీవి చర్చిలో పునీత పరస్కేవి పటం ఉంది. చూపు ప్రసాదించే తల్లి. ఆమె దయవల్ల చూపొచ్చిన ఓ ఓడ యజమాని, ఆ పటానికి బంగారు కళ్ళు చేయించి వేలాడదీశాడు. పంటజీస్ వాటిని కాజేసి, ఆ చోట అవే కళ్ళ బొమ్మతో తను చేసిన పలక పెట్టాడు. కాస్త దూరం నుంచి చూస్తే అచ్చం బంగారమే.

ప్రార్థనకని ఏనాడూ చర్చి గడప తొక్కని మనిషి కదా, ఒకటి మరిచాడు. మ్యూజియంలో జనం దూరంగా నిలబడి చూస్తారు. చర్చిలో పటం దగ్గరికెళ్ళి ముద్దు పెట్టుకుంటారు. అంత దగ్గర కటకం లెక్క తప్పుతుంది. తల కాస్త పక్కకి జరిపితే చాలు, బొమ్మ గెంతుతుంది.

"తల్లి నాకు కన్ను కొట్టిందే!" అని ముందుగా కేకపెట్టింది ముసలి జంబెతా.

"నీకా? ఈ వయసులోనా?" అంది పక్కావిడ. తనూ వంగి చూసి, గబగబా శిలువ గుర్తు వేసుకుంది.

ఇక పడవల నిండా జనం. వాళ్ళ కానుకలతో చర్చికి కొత్త గంట కూడా వచ్చింది.

ఇంతలో పంటజీస్ కుడికంటికి పొర కమ్మింది. రెండు కళ్ళూ ఉంటేనే సాగే పని అతనిది. వైద్యుడు పెదవి విరిచాడు. తల్లి శాపమేనని వణికిపోయి, ఊరంతా కునుకు తీసే మధ్యాహ్నం వేళ బంగారం పట్టుకెళ్ళాడు. పలక ఊడదీసి అసలు కళ్ళు తగిలిస్తుండగా జంబెతా చూసింది.

"దొంగ! తల్లి కళ్ళు పీకేస్తున్నాడు!"

ఊరు ఊరంతా నిద్రమొహాలతో వచ్చిపడింది.

"అవ్వా, ఇవే అసలువి! బంగారం!"

జంబెతా పటం ముందు తల అటూ ఇటూ ఊపింది. "ఏదీ, కన్ను కొట్టమను! ఈ సత్తు రేకులు ఎవరికి అంటగడతావురా?"

ఫాదర్ ఆర్సేనియోస్ బంగారు కళ్ళు విప్పి చేతిలోకి తీసుకున్నారు. పలకని భక్తిగా ముద్దుపెట్టుకుని యథాస్థానంలో తగిలించారు. దొంగ చెవి మెలేసి వెనకగదిలోకి ఈడ్చుకెళ్ళి తలుపేశారు.

"ఒట్టు ఫాదర్, అవే అసలువి," అని ఏడ్చాడు పంటజీస్. "తీసుకోండి. నా కన్ను నిలబడితే చాలు."

ఫాదర్ వాటిని అంగీ జేబులో వేసుకున్నారు.

"నువ్వు మార్చిన రోజే పోల్చుకున్నాన్రా. పో, తల్లి బాకీ తీరింది. కాకపోతే ఆ పలక రంగు వెలిసిపోతోంది, కన్ను బాగవగానే ఇంకోటి చేసిపెట్టు."