ఎంక్వైరీకి వచ్చినాయన

"సైదులు ఇల్లు ఇదేనా బిడ్డా?"

పత్తి ఏరి అప్పుడే ఇంటికొచ్చిన స్వరూప, కొంగుతో మొహం తుడుచుకుంటూ వాకిట్లోకి చూసింది.

తెల్లచొక్కా, మెడలో తువ్వాల, చేతిలో గుడ్డసంచి. ఊరి మనిషి కాదు. మూతి ఒక పక్కకు వంకరపోయి ఉంది. పక్షవాతం వచ్చి తగ్గినట్టుంది అనుకుంది.

"ఇదే. ఆయన మోత్కూర్ పోయిండు. ఏం పని?"

"మిలిటరీ సంగతి జర మాట్లాడాలె."

ఆ మాటతో స్వరూప గడపకు అడ్డంగా నిలబడింది.

సైదులును మిలిటరీ నుంచి తీసేసి ఆరేళ్లు. డ్యూటీలో పైవాని మీద చెయ్యి చేసుకున్నాడని, నడవడి మంచిది కాదని రాసి ఇంటికి పంపించారు. పింఛను లేదు. మిలిటరీ దవాఖాన లేదు. అవి పోతే పోయాయి, ఊళ్లో ఆయన పేరే మారిపోయింది. హోటల్ దగ్గర కూర్చున్నవాళ్లు ఆయన్ని 'ఎల్లగొట్టిన సైదులు' అంటారు.

జెండా పండుగ వస్తే సైదులు బడి లోపలికి పోడు. గోడ బయట నిలబడి, అక్కడి నుంచే సెల్యూట్ కొట్టి వస్తాడు.

ఆ కేసు మళ్లీ చూడమని పట్నంలో మిలిటరీ కోర్టుకెళ్లారు. వచ్చే సోమవారమే వాయిదా. ఇప్పుడు ఈ మనిషి దిగాడు. ఎంక్వైరీకే వచ్చి ఉంటాడు.

వచ్చినాయన అరుగు మీద కూర్చుని మెల్లగా అడిగాడు. సైదులుకు నిద్ర పడుతుందా, చప్పుళ్లకు ఉలిక్కిపడతాడా, ఇంట్లో ఎట్లా ఉంటాడు అని.

"మంచిగనే ఉంటడు. ఆయనకు ఏ రోగం లేదు," అంది స్వరూప.

వకీలు మేడంకూ అదే చెప్పింది. ఊరికీ అదే చెప్పింది. పటాకులు పేలితే సైదులు మంచం కిందికి దూరుతాడు. ఆయనకు చెవినొప్పి అని చెప్పి స్వరూప తలుపేసుకుంటుంది. కూతురు శ్రీవాణి ఎదుగుతున్న పిల్ల. రేపు దాన్ని పిచ్చోని బిడ్డ అంటే?

"జర మంచినీళ్లిస్తవా బిడ్డా?"

ఇంటికొచ్చిన మనిషికి చెంబెడు నీళ్లియ్యకుండా ఆమె ఏనాడూ ఉండలేదు. ఆ రోజు మాత్రం వాకిట్లో నల్లా వైపు వేలు చూపించింది.

ఆయన లేచి వెళ్లి దోసిట పట్టుకుని తాగాడు. సగం నీళ్లు మూతి పక్క నుంచి కారిపోయాయి. తువ్వాలతో తుడుచుకుని అన్నాడు:

"రోగం లేదంటే, పొగరుతోని కొట్టినట్టే అయితది బిడ్డా. కోర్టు గదే రాస్తది. జర మంచిగ సోంచాయించుకొని చెప్పు."

"నువ్వే ఆగి ఆయన్నే అడుగు."

"వద్దు. నన్ను చూస్తే ఆయన మనసు పాడైతది. నేనొచ్చిన్నని చెప్పకు."

చూసినవా, దొంగబుద్ధి అనుకుంది స్వరూప. చెప్పొద్దన్నాడని కాదు, భయంతోనే మొగుడికి చెప్పలేదు.

పొద్దుగూకేసరికి పక్క వాడలో పెండ్లి బరాత్ బయలుదేరింది. పటాకుల దండ పేలింది. తలుపు వేద్దామని స్వరూప పరుగెత్తుకొచ్చేసరికి, మోత్కూర్ నుంచి అప్పుడే తిరిగొచ్చిన సైదులు మంచం కింద ముడుచుకుని ఉన్నాడు. శ్రీవాణి కూడా మంచం కిందికి దూరి, తండ్రి చెవుల మీద తన చేతులు పెట్టి కూర్చుంది.

"పటాకులే బాపూ. ఇగో, అయిపోతున్నయ్."

ఆ పిల్ల మొహంలో సిగ్గు లేదు. స్వరూప తలుపు వెయ్యకుండా అక్కడే నిలబడింది.

సోమవారం కోర్టు హాలులో వెనక బల్ల మీద ఆ వంకరమూతి మనిషి కూర్చుని ఉన్నాడు. సైదులు తలొంచుకుని ముందు కూర్చున్నాడు, వెనక్కి చూడలేదు. ఆ మనిషిని చూసి కూడా, జడ్జి పెద్దసారు పిలవగానే స్వరూప లేచింది.

"మిలిటరీల జతగాడు కళ్లముందు బాంబుకు పోయిండట సార్. అప్పటి సంది శ్రీవాణి వాళ్ల బాపు పటాకు పేలినా మంచం కిందనే. ఆయనకు పొగరు లేదు. భయం ఉంది. ఇజ్జత్ పోతదని నేనే దాచిన."

వకీలు మేడం ఆ మాటల్ని ఇంగ్లీషులో చెప్పింది.

ఏడుపు ఆగక స్వరూప బయటికొచ్చేసింది. శ్రీవాణి నీళ్లసీసా అందించింది. అద్దం తలుపులోంచి చూస్తే, ఆ మనిషి లేచి నిలబడి ఏదో చెబుతున్నాడు. అయిపోయింది, ఇంక ఓడినట్టే అనుకుని కళ్లు మూసుకుంది.

ఎంతసేపైందో తెలియదు. వకీలు మేడం చెయ్యి భుజం మీద పడింది.

"గెలిచినం స్వరూపా. నడవడి మాట కొట్టేసిండ్రు. అంతా జబ్బుతోనే అయిందన్నరు. పింఛను, దవాఖాన రెండూ ఇయ్యాలన్నరు."

మేడం వెనకే సైదులు వచ్చాడు. ఆరేళ్లుగా వంగి నడిచిన మనిషి నిటారుగా ఉన్నాడు. శ్రీవాణి ఎగిరి ఆయన నడుం పట్టుకుంది.

"బాపూ, ఈసారి జెండాకు బడిలోపలికి రావాలె."

"ముందల వరుసల నిలబడత బిడ్డా."

స్వరూప కళ్లు తుడుచుకుని, ఆ వంకరమూతి మనిషి తమ మీద ఏం చెప్పాడని అడిగింది.

"మీద కాదు, మీ దిక్కే చెప్పిండు. పిలవకుండనే వచ్చిండు," అంది మేడం. "నీ మాట, ఆయన మాట. గెలిపించింది ఆ రెండే."

స్వరూపకు వాకిట్లో నల్లా గుర్తొచ్చింది. చేతిలో నీళ్లసీసాతో గేటు దాకా పరుగెత్తింది. గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుని ఆయన అప్పటికే ఆటో ఎక్కాడు. ఎంత పిలిచినా ఆటో ఆగలేదు.

రొప్పుతూ వెనక్కి తిరిగితే, సైదులు ఆ రోడ్డు వైపే సెల్యూట్ కొట్టి నిలబడి ఉన్నాడు.

"ఎవరయ్యా ఆయన?"

"గురవయ్య హవల్దార్ సాబ్," అన్నాడు సైదులు, ఎత్తిన చెయ్యి దించకుండా. "ఆ దవడ ఇరగ్గొట్టింది నేనే."