మొదటి ముద్దాయి

హత్య ఎవరు చేశారో తేల్చడానికి శ్రీరంగప్ప ఇంటి పంచలో పదిమంది కూర్చున్నారు. ఆ ఏడు కూడా శనక్కాయ ఎండిపోయింది. ఎవరికీ వేరే పని లేదు.

గోడ మీద ఒక ఫోటో ఉంది. పోయిన నెల పోలీసులు పెట్టిన శాంతి సభలో శ్రీరంగప్ప, అవతలి గుంపు పెద్ద అంజినప్ప చేతులు కలిపి నవ్వుతున్నారు. సరిగ్గా దాని కిందే కూర్చుని నరసింహులు ఫిర్యాదు రాస్తున్నాడు. కదిరి కోర్టు చుట్టూ తిరిగి ఆ విద్య నేర్చాడు.

చావు ముత్యాలప్ప ఇంట్లోది. అందుకే ఆ రోజు కుర్చీ ఆయనకే వేశారు. మొదటి కాఫీ ఆయనకే ఇచ్చారు. ఆయన తువ్వాలలోకి దగ్గి, నెత్తురు మరకను మడిచేసి, చక్కెర చాలలేదన్నాడు. ఇంకో చెంచా వేశారు.

"యాడ జరిగిందని రాయల్ల?" అడిగాడు నరసింహులు.

"బస్సు ఆగే కాడ," అన్నాడు శ్రీరంగప్ప.

"ఆడ వద్దప్పా, ఎండ," అన్నాడు ముత్యాలప్ప. "కానుగ చెట్టు కింద రాయి."

నరసింహులు కానుగ చెట్టు రాశాడు.

"అంజినప్పకు వేటకొడవలి ఇయ్యి," అన్నాడు శ్రీరంగప్ప. "చెన్నప్పకు బాంబు రాయి."

"చెన్నప్ప పోయినేడే సచ్చిపోయినాడు గదన్నా."

"అయితే వాని కొడుక్కు రాయి."

"వాడు ఇంకా పదో తరగతి."

"అయితే ఏమప్పా? చిన్న బాంబు ఇయ్యి."

నరసింహులు చిన్న బాంబు రాశాడు.

ఏడవడానికి చిన్నక్కను పిలిపించారు. ఆమె వాకిట్లో కూలబడి, గుండెలు బాదుకుంటూ ఒకసారి ఏడ్చి చూపించింది. పడుకున్న కుక్క లేచి వేరే వీధికి పోయింది.

"గొంతు బాగుండాది. కండ్లల్లో నీళ్లేవి?" అన్నాడు ముత్యాలప్ప.

"పోలీసులు వచ్చే యాలకు వస్తాయిలే మామా. ఇప్పుడే అవజేసుకుంటే ఎట్ల?"

ముత్యాలప్ప ఒప్పుకున్నాడు. "సమాధి మాత్రం మా ఇంటిదాని పక్కనే కట్టల్ల. నున్నటి రాయి. నాసి రాయి పెడితే ఊరుకునేది లేదు."

"కట్టిస్తా మామా. పైన నీడకు రేకులు గూడా ఏపిస్తా."

నరసింహులు కాగితం తిప్పాడు. "ఇంగ తిప్పేష్."

ముత్యాలప్ప గ్లాసు కింద పెట్టాడు. తిప్పేష్ ఆయన కూతురి కొడుకు. ఊళ్లో గుంపులు పుట్టకముందు కూతుర్ని అంజినప్ప వైపు ఇంటికి ఇచ్చాడు. మనవడికి బడిపంతులు ఉద్యోగం వచ్చింది. వచ్చే వారం చేరాలి. కేసులో పేరు పడితే ఆ ఉద్యోగం ఉండదు.

"వాన్ని ఇడ్సిపెట్టండి. కోడిని గూడా కోయలేడు వాడు."

"కోసేటోని పేరు రాస్తే ఏం లాభం మామా?" అన్నాడు శ్రీరంగప్ప. "వాడు జైలుకు పోతే వాని తమ్ముడు కొడవలి పట్టుకుంటాడు. చదువుకున్నోని పేరు పెట్టినామంటే ఇల్లు ఇల్లే కూలుతాది. మన మల్లీశ్వరి కొడుకును వాళ్లు ఇట్లే చేయలేదా? మిలిట్రీకి పోవాల్సినోడు, ఇప్పుడు నా ఎనకాల బాంబుల సంచి మోస్తాండాడు."

"మా వంశంలో చదువుకున్నోడు వాడొక్కడే శ్రీరంగా."

"అందుకే మొదటి ముద్దాయి వాడు."

"పోనీ, సాక్షిగా పెట్టు."

"తిప్పేష్ లేకుంటే ఈ హత్యకు అర్థమే లేదు మామా."

"తీసెయ్యవా?"

"తీసెయ్యను."

నరసింహులు పేరు రాసి, కింద గీత కూడా కొట్టాడు.

ముత్యాలప్ప కుర్చీలోంచి లేచి చెప్పులు వేసుకున్నాడు.

"అట్లయితే రేపు సచ్చేదానికి ఇంకొకర్ని సూసుకోండప్పా, నేను రాను."