ముద్దొచ్చే మెకానిక్

"లిఫ్టు ఆపేస్తున్నానండీ. ఇనుప తాడులో పదకొండు పోగులు తెగాయి," అంది మెకానిక్, తాడు మీంచి చూపు తిప్పకుండా.

"పదకొండట! ఎలా లెక్కపెట్టిందో చూడవే!" అని బిల్డింగ్ యజమాని తన భార్యను పిలిచి మరీ మురిసిపోయాడు.

"ఆటిజం ఉన్నవాళ్లు ఇంతేనటండీ, భలే ముద్దొస్తారు. ఏదీ, ఇంకోసారి చెప్పు చిట్టితల్లీ!" అంటూ ఆవిడ బుగ్గ గిల్లబోయింది.

మెకానిక్ అడుగు వెనక్కి వేసింది. ఆ చిట్టితల్లికి ముప్పై ఎనిమిదేళ్లు. పద్దెనిమిదేళ్లుగా లిఫ్టులే బాగుచేస్తోంది. పనికి వచ్చేటప్పుడు పనిముట్లు తెచ్చుకుంది గానీ, గిల్లించుకోవడానికని బుగ్గలు తెచ్చుకోలేదు.

"తాడు మార్చాలి," అంది.

"మారుద్దాంలే బంగారూ, వచ్చే నెల. నువ్వు బెంగపెట్టుకోకు. ఈలోగా నడవనీ," అన్నాడు యజమాని, జోల పాడుతున్నట్టు.

ఇదే మాట మీసాలున్న మెకానిక్ చెబితే ఈయన నోరు మూసుకుని వినేవాడు. ఆమె చెబితే ముద్దొస్తోంది. ముద్దంటే ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది: విననక్కర్లేదని.

లిఫ్టు కదలకుండా మెయిన్ స్విచ్ ఎప్పుడో ఆపేసింది. ఆ సంగతి మాత్రం చెప్పకుండా లిఫ్టు తలుపు బార్లా తెరిచింది.

"సరేనండీ, నడవనిద్దాం. ముందు మీరిద్దరూ ఎక్కి ఆరో అంతస్తు దాకా వెళ్లి రండి."

యజమాని కాలు గుమ్మం దాటలేదు. ఆవిడైతే అప్పటికే మెట్ల దగ్గరుంది.

"కొత్త తాడు... ఇవాళే తెప్పించమంటారా, మేడమ్?" అన్నాడాయన, గొంతు సవరించుకుని.

దంపతులిద్దరికీ బుద్ధి కాళ్లలో ఉందని మేడమ్‌కి అర్థమైంది.