తాబేలు గుర్తు

గోనెసంచి భుజం మీంచి దించి, ముసలాయన షెడ్డు గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

ఎచ్చెర్ల హైవే పక్కనున్న ఆ షెడ్డు భాస్కర్‌ది. లోపల బల్ల మీద ఒక ఇనుప చక్రం ఉంది. ముసలాయన కళ్ళు దాని మీదే ఉన్నాయి.

భాస్కర్ బావమరిది వెంకీ టాక్సీ నడుపుతాడు. వాడి కారుకి ఆటోమేటిక్ గేరుబాక్సు పోయింది. దాన్ని తీసేసి చేతి గేర్లు పెడుతున్నారు. అలా పెట్టాలంటే ఇంజన్ వెనక ఫ్లైవీల్ చక్రం ఉండాలి. పాత సామాన్ల కొట్లో భాస్కర్‌కి తేలికపాటిది దొరికింది. కంపెనీ చక్రాన్ని ఎవరో లేత్ మిషను మీద సగానికి సగం చెక్కేశారు. బరువు తగ్గితే ఇంజన్ చటుక్కున అందుకుంటుందని కుర్రకారుకి అలాంటివంటే మోజు.

చక్రం అంచున చిన్న తాబేలు గుర్తు కొట్టి ఉంది. చెక్కినవాడు పెట్టుకున్న గుర్తు.

"పరుగు కోసం సెక్కి, తాబేలు బొమ్మెట్టాడేటి బావా," అని వెంకీ పొద్దుటి నుంచి నవ్వుతూనే ఉన్నాడు.

దాన్ని అమ్మిన కొట్లో ఆరా తీసి వచ్చానని చెప్పి, ముసలాయన సంచి మూతి విప్పాడు. అందులో అదే మోడల్ కారుది, లేత్ ఎక్కని అసలు చక్రం ఉంది. నూనె రాసి, పాత గళ్ళ చొక్కాలో చుట్టాడు.

"ఇది ఉంచుకోండి బాబూ. అది నాకిచ్చీయండి."

"ఎంతకి?"

"ఊరికినే."

భాస్కర్‌కి అక్కడే అనుమానం వచ్చింది. ఊరక రారు మహాత్ములు అంటారు. ఊరికే ఇచ్చేవాళ్ళు అసలే రారు. మంచిది ఇచ్చి పాతది అడుగుతున్నాడంటే ఆ పాతదానిలో ఏదో ఉంది.

ఎందుకని అడిగాడు. పోత ఇనుము అంత పలచనైతే వేగం తట్టుకోదని, పగిలితే ముక్కలు నేరుగా డ్రైవరు కాళ్ళ మీదికే వస్తాయని ముసలాయన చెప్పాడు.

"నీకెలగ తెలుసు తాతా?"

ముసలాయన అరచేతులు రెండూ తువ్వాలుతో తుడుచుకున్నాడు. వాటికి ఏమీ అంటలేదు.

"ఎవుడో పోటీ షెడ్డోడు అంపీసుంటాడు బావా. తేలికిదే ఎట్టీ," అన్నాడు వెంకీ.

భాస్కర్‌కీ అదే నిజమనిపించింది. ఇవ్వనని చెప్పేశాడు. ముసలాయన చేతులు జోడించాడు. దాంతో భాస్కర్ మనసు ఇంకా బిగుసుకుంది. ఇనుప ముక్క కోసం ఎవరైనా దణ్ణం పెడతారా?

ముసలాయన లేచాడు. సంచి మాత్రం తీసుకోలేదు.

"మళ్ళీ మొయ్యలేను బాబూ. మీకాడే ఉండనీండి. మనసు మారితే అదే ఎట్టండి."

బస్సు కోసం రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

తేలిక చక్రాన్నే కారుకి బిగించారు. షెడ్డు తలుపు గాలికి కొట్టుకోకుండా ముసలాయన వదిలిన చక్రాన్ని అడ్డం పెట్టుకున్నారు.

ఇరవై రోజులు కారు గుర్రంలా పరిగెత్తింది. ఇరవయ్యొకటో రోజు, చిలకపాలెం దాటాక, లారీని దాటబోతూ వెంకీ గేరు తగ్గించి గట్టిగా తొక్కాడు. చక్రం పగిలింది. ముక్కలు కాళ్ళ కింది రేకుని చీల్చుకుని పైకొచ్చాయి.

వెంకీ ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు.

ఆసుపత్రి వరండాలో, వెంకీ అక్క అయిన భాస్కర్ భార్య అతని వైపు చూడలేదు. తిట్టినా బాగుండేది.

అత్త మీది కోపం దుత్త మీదికి పోయినట్టు, తన మీద తనకున్న కోపం తాబేలు మీదికి మళ్ళింది. ఆ గుర్తున్న ముక్క పట్టుకుని లేత్‌లన్నీ తిరిగాడు. అది శ్రీకూర్మం అసిరయ్య గుర్తని, కూర్మనాథుడి ఊరివాడు గనక తాబేలు కొట్టేవాడని చెప్పారు. ఆ ముక్క అసిరయ్య మొహానే కొట్టాలని బయలుదేరాడు.

అసిరయ్య లేత్ తుప్పు పట్టి ఉంది. పెరట్లో పగలగొట్టిన చక్రాల కుప్ప, ఒక్కొక్క దాని మీదా తాబేలు. గుమ్మంలో అతని భార్య లక్ష్మణమ్మ కూర్చుని ఉంది.

"అసిరయ్య ఏడీ?"

"పోయి పన్నెండు రోజులైనాది బాబూ. నిన్ననే కర్మ సేసినాం."

ఆమె లోపలికి చూపించింది. గోడ మీద రెండు ఫొటోలు. కొత్త దండ వేసినదానిలో, గోనెసంచి మోసుకొచ్చిన ముసలాయన. రంగు వెలిసిన దండ వెనక, గళ్ళ చొక్కా తొడుక్కున్న పాతికేళ్ళ కుర్రాడు.

భాస్కర్ ఎచ్చెర్ల షెడ్డు తనదేనని చెప్పి, ముక్క కింద పెట్టాడు. లక్ష్మణమ్మ దాన్ని అందుకుని తాబేలుని వేలితో తడిమింది.

"పదిహేడు సెక్కి అమ్మినాడు బాబూ. ఏడేళ్ళయి ఊరూరా తిరిగి, కొత్తయి ఇచ్చి, పదారు తెచ్చి ఇరగ్గొట్టినాడు. ఇదే ఆకరిది."

"నేనే సెక్కినానని ఒక్క మాట సెప్పుంటే ఇచ్చీసేవోడిని కదమ్మా."

అంటూండగానే, అది అబద్ధమేమోనని భాస్కర్‌కే తోచింది.

"ఆ మాట నాతోనే అననేకపోనాడు," అంది లక్ష్మణమ్మ.

ఆమె ముక్కని ఒళ్ళో పెట్టుకుంది.

"దీనికి బదులు కొనడానికి మాకాడ ఇంకేటీ మిగల్నేదు. అమ్మినయ్యి కాక, మొదటి సక్రం మా గోపి కారుకే సెక్కినాడు. అది పగిలే మా గోపి పోనాడు. ఆడి బండిలోంచి తీసిన అసలు సక్రం ఒక్కటే ఆడి గురుతుగా మంచం కింద దాసినాం. అదే మీకు మోసుకొచ్చినాడు. మీకాడ బద్రంగా ఉన్నాదా బాబూ?"