ఒక్క మూల మిగిలింది

"చవుడమ్మా, చవుడు!"

రోహిణి కార్తె ఆఖరి ఎండలు. గురజాలలో మట్టి మిద్దెలున్న వాళ్ళంతా ఆ కేక కోసమే చెవులు రిక్కించుకుని ఉన్నారు. తొలకరిలోగా మిద్దె మీద చవుడు మట్టి పోసి తొక్కించకపోతే వానంతా ఇంట్లోనే.

నాగమ్మ ఒక్క పరుగున గుమ్మంలోకి వచ్చింది.

నిరుడు ముసురుకి మిద్దె కారి, చిన్నవాడు యల్లమంద నెల రోజులు దగ్గాడు. దక్కుతాడనుకోలేదు. ఈ ఏడు వాడి మీద ఒక్క చుక్క కూడా పడకూడదు. వేసవంతా ఆమెకు అదే దిగులు. భర్త అంజయ్య పొద్దున నాపరాళ్ళ గనికి పోతే దీపాలవేళకు గానీ రాడు.

వచ్చినవాడు ముసలాయన. వెనక రెండు గాడిదలు. ఎన్నడూ చూసిన ముఖం కాదు.

"మిద్దంతా తొక్కితే కుంచెడు జొన్నలిస్తా పెద్దాయనా."

"జొన్నలకేంలే తల్లీ" అన్నాడు ముసలాయన, మిద్దె వంకే చూస్తూ.

"ఉండు, నిచ్చెన అడిగి తెస్తా."

"నిచ్చెనెందుకమ్మా?"

పెరట్లోకి నడిచి, గోడకు ఆనించి ఉన్న పాత కందికంప పక్కకు లాగాడు. దాని వెనక, గోడలోంచి పొడుచుకొచ్చిన రాతి మెట్లు! చకచకా ఎక్కేశాడు.

ఆ ఇల్లు కొని రెండేళ్ళయింది. అక్కడ మెట్లున్న సంగతి నాగమ్మకే తెలియదు.

నాలుగు తడవలు చవుడు తోలి, గంపలతో పైకి మోశాడు. ఆరేళ్ళ లక్ష్మి ఆయన వెనకే మిద్దెక్కింది.

"తాతా, నేనూ తొక్కుతా!"

"రా బంగారూ. మడమతో తొక్కు. ఆఁ, అట్టా!"

పైన లక్ష్మి నవ్వులు. కింద "నేనూ, నేనూ" అని యల్లమంద ఏడుపు. ముసలాయన పిట్టగోడ మీంచి తొంగిచూశాడు.

"చిన్నోడు ఏ గదిలో పడుకుంటాడమ్మా?"

"ఉత్తరం గదిలో. ఏం?"

"ఆడ పడుకోబెట్టబాక తల్లీ. వానొస్తే ఆ గోడ తడి తాగుద్ది. తూర్పు గదిలోకి మార్చు."

"నీకెట్టా తెలుసు?"

ఆయన వెనక్కి తిరిగి మట్టి తొక్కసాగాడు.

ఇంతలో గోడ అవతల నుంచి హజ్రా బీ పిలిచింది.

"నాగమ్మా, ఎవరా ముసలోడు? మొన్న బజార్లో ఒకరింట్లోకి దొంగలు మిద్దె మీంచి దిగారంట. ముందురోజు ఎవడో వచ్చి ఇల్లంతా చూసుకుపోయాడంట!"

నాగమ్మ గబుక్కున మిద్దె వంక చూసింది. దాగున్న మెట్లు ఆయనకెలా తెలిశాయి? ఎవరెక్కడ పడుకుంటారని ఎందుకడిగాడు?

"దిగు! ముందు కిందికి దిగు!"

"ఏమైంది తల్లీ?"

"నీ చవుడూ వద్దు, నువ్వూ వద్దు. లక్ష్మీ, దిగవే!"

"ఒక్క మూల మిగిలిందమ్మా. కావాలనే ఆఖరికి ఉంచుకున్నా. పాత మట్టి తీసి, ఒక్కసారి చూసుకుని, తొక్కేసి పోతా."

"చూసుకోటానికి ఏముందాడ? దిగుతావా, వీధంతా పిలవనా?"

ముసలాయన దిగాడు. ఆమె చేటలో జొన్నలు తెచ్చి ముందుకు తోసింది. ఆయన వాటి వంక చూడలేదు. లక్ష్మి తల నిమరబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గాడిదలను తోలుకుని వెళ్ళిపోయాడు.

అయినా తల్లి మనసు కదా. ఆ సాయంత్రమే యల్లమంద పక్కను తూర్పు గదిలోకి మార్చింది.

మర్నాడు మధ్యాహ్నం వాన దంచికొట్టింది. నాగమ్మ ఇంట్లో ఉన్న గిన్నెలూ చెంబులూ అన్నీ నేల మీద పరిచి, పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని పైకప్పు వంకే చూస్తూ కూచుంది.

ఒక్క చుక్క పడితే ఒట్టు!

ఉత్తరం గదిలో మాత్రం తొక్కని మూలన కారి గోడంతా నానింది. నిన్నటిదాకా పిల్లాడి పక్క ఉన్నది ఆ గోడ పక్కనే.

"మీ మిద్దె కారలా?" అంటూ హజ్రా బీ తన పిల్లలతో తడుస్తూ వచ్చేసింది. లక్ష్మి ఖాళీ గిన్నెలన్నీ తిరగేసి వాయించింది. అంతమంది పిల్లల గోలలో యల్లమంద హాయిగా నిద్రపోయాడు. దగ్గు లేదు, ఆయాసం లేదు. నాగమ్మకు సంతోషంతో పాటు సిగ్గు కూడా వేసింది.

గనిలో నీళ్ళు నిలిచి అంజయ్య పెందలాడే ఇంటికొచ్చాడు. సంగతంతా విని నవ్వాడు.

"మట్టి మోసి, మిద్దె తొక్కి, ఒట్టి చేతులతో పోయే దొంగేందే!"

మిగిలిన మూల తామే పూర్తిచేద్దామని అందరూ ఆ రాతి మెట్ల మీదుగా మిద్దెక్కారు. ఆ మూలన పాత మట్టిని వాన కడిగేసింది. కింద సున్నపు గచ్చు బయటపడింది.

గచ్చులో రెండు జతల చేతుల అచ్చులు. పచ్చి సున్నంలో పిల్లలు ఒత్తినవి.

లక్ష్మి తన చెయ్యి పెట్టి చూసింది. సరిగ్గా సరిపోయింది. రెండోది యల్లమంద చేతికి సరిపోయింది.

అంజయ్య ముఖంలో నవ్వు పోయింది. కిందికి దిగి, పెరట్లోంచి పలచని నాపరాయి ఒకటి మోసుకొచ్చాడు. దాన్ని ఆ అచ్చుల మీద బోర్లించి, అంచుల చుట్టూ మాత్రం చవుడు మెత్తాడు.

"రాయెందుకయ్యా? మట్టి పోసి తొక్కితే పోయేదానికి!" అంది నాగమ్మ.

"ఆయన మళ్ళీ వస్తే తీసి చూపించాలిగా."

"ఎవరాయన?"

"ఈ ఇల్లు కట్టినాయన. ఇద్దరు బిడ్డల్నీ ఒకే ముసురులో ఈ ఇంట్లోనే పోగొట్టుకుని ఏనాడో ఊరొదిలి పోయాడని ఇల్లు కొన్ననాడే చెప్పారు నాకు, నువ్వు భయపడతావని నీకు చెప్పలా."