ఒక్క బాతూ వదలకుండా

జూలై నెల, అక్కడ చలికాలం. లిమూరులో పొద్దెక్కినా మంచు వదలని చలి. బాతులు లెక్కపెట్టే రోజు.

గిచూహి తాత అందరికంటే ముందే వచ్చి మడుగు గట్టున పీట వేసుకుని కూర్చున్నాడు. పదకొండేళ్ళుగా ఆ పీట అక్కడే, ఆ తాతా అక్కడే.

పక్షుల సంఘం తరఫున నైరోబీ నుంచి గాథోని వచ్చింది. నగరంలో పుట్టి పెరిగిన పిల్ల. మెడలో బైనాక్యులర్స్, చేతిలో కాగితాలు, ముఖంలో దిగులు.

“తాతా, ఈసారి లెక్క రెండొందలకంటే తగ్గిందంటే మావాళ్ళు ఈ మడుగుని వదిలేస్తారట. ఆ తర్వాత నీళ్ళు తోడించేసి ఎవరి భూమి వాళ్ళకి ఇచ్చేస్తారు. ఇక్కడ ఒక్క బాతు మిగలదు.”

“అవునా తల్లీ!” అన్నాడు తాత, ఇప్పుడే విన్నట్టు.

అలా తిరిగొచ్చే భూమిలో రెండెకరాలు తాతవే. పక్షుల కోసం మడుగులో కలిపేయకముందు బంగాళాదుంపలు విరగపండిన నేల. ఇప్పుడు అందులో బాతులు తలలు నీళ్ళలో ముంచి, తోకలు పైకెత్తి మేస్తున్నాయి. అయినా ఒక్క ఏడాది కూడా ఆయన లెక్క మానలేదు. ఊళ్ళోవాళ్ళు పిచ్చోడన్నారు. సంఘంవాళ్ళు మహానుభావుడన్నారు.

మంచు విడేదాకా పని లేదు. సంఘం పత్రికలో వేయడానికి గాథోని ఆయన వివరాలు రాసుకుంది.

“మనవలెంతమంది తాతా?”

“ఇంటినిండా.”

“మేకలు?”

“దొడ్డినిండా.”

“భలేవాడివే! బాతుల్ని ఒక్కటి వదలవు, ఇంట్లో మేకలెన్నో తెలీదా?”

“మేకలెక్కడికి పోతాయిలే,” అన్నాడు తాత.

మంచు విడింది. గాథోని తన దగ్గరున్న మీటను ఇచ్చింది. నొక్కితే అంకె దానంతటదే మారుతుంది. తాత దాన్ని పక్కన పెట్టేశాడు.

“ఇవి నాకు కుదరవమ్మా. ఒక్కొక్కదాన్నీ వేలెత్తి చూపించాలి, నోటితో పైకి అనాలి. అప్పుడే అది లెక్క.”

మొదలుపెట్టాడు. పసుపు ముక్కు, దాని మీద నల్ల మచ్చ, రెక్క మడతలో పచ్చటి మెరుపు. ఇవి ఉంటేనే వేలు లేస్తుంది. నుదుట తెల్లమచ్చ ఉన్న నల్ల నీటికోళ్ళు పక్కనే ఈదుతున్నా వాటివంక చూడడు.

“నూట ఎనభై మూడు... నూట ఎనభై నాలుగు.”

వేలు ఆగిపోయింది. అయిపోయాయి. గాథోనికి ఏడుపు తన్నుకొచ్చింది. తాత కళ్ళు మూసుకుని పెదవులు కదిపాడు. దేవుణ్ణి తలుచుకుంటున్నాడనుకుంది.

అంతలో ఒక డేగ తుంగ మీదుగా వాలుగా పోయింది. తుంగలోంచి టపటపా రెక్కలు లేచాయి. బాతులే బాతులు! డేగ వెళ్ళిపోయాక అన్నీ ఎడమవైపు ఖాళీ నీళ్ళలో దిగాయి.

“తాతా, చూస్తావేం! లెక్కపెట్టు, లెక్కపెట్టు!”

తాత లేచి నిలబడ్డాడు. మళ్ళీ వేలెత్తాడు. ఒక్కదాన్నీ వదల్లేదు.

“మూడొందల పన్నెండు,” అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నిరుటికంటే యాభై ఎక్కువ. గాథోని ఆయన్ని గట్టిగా కావలించుకుంది. “నీలాంటివాళ్ళుండబట్టే తాతా, ఇవి ఇంకా బతుకుతున్నాయి,” అంది. అక్కడికక్కడే ప్రశంసాపత్రం రాసి చేతిలో పెట్టింది. అది పదకొండోది.

ఇంటికొచ్చేసరికి తాత భార్య వైరిము ఉడికిన మొక్కజొన్న, చిక్కుడు గింజలు వడ్డిస్తోంది. ఆయన చేతిలో కాగితం చూసింది.

“మళ్ళీ పెరిగాయా?”

తాత కంచం పక్కకి నెట్టేశాడు.

“లెక్కపెట్టిన మంద ఏడాది తిరక్కుండా నాశనమైపోతుందని మా నాన్న ఒక్క మేకనైనా లెక్కపెట్టనిచ్చేవాడు కాదు కదే, మరి పదకొండేళ్ళుగా వేలెత్తి చూపించి మరీ లెక్కపెడుతుంటే ఈ దిక్కుమాలిన బాతులెందుకు చావవే!”